కదలొద్దు గారు కదిలిన రోజు

“ఊపిరి తీసుకోవచ్చు. గుటక వేయొచ్చు. నన్ను తిట్టుకోవచ్చు, పైకి వినపడకుండా. కదలడం ఒక్కటే కుదరదు.”

పొద్దున తొమ్మిదింటికే ఈ మాట ఆయన నోట మూడోసారి. బల్ల మీద పడుకున్నది ఓ బస్సు కండక్టరు. ముప్ఫై ఏళ్ళు కదిలే బస్సులో నిలబడ్డ మనిషిని తెచ్చి కదలని బల్ల మీద పడుకోబెడితే కాళ్ళకి పిచ్చెక్కదూ! బొటనవేళ్ళు రెండూ వాటంతటవే గతుకుల రోడ్డు మీద పోతున్నాయి. పొట్టకి జానెడు ఎత్తున గామా కెమెరా తల, లారీ టైరంత, వంగి చూస్తోంది.

“ఇంకెంతసేపు సార్?”

“గంట.”

“గంటా! గంటలో రెండూళ్ళు తిప్పి తీసుకొస్తాను నేను.”

“తిప్పుదురుగానిలెండి. ముందు ఇది పట్టుకోండి. కదలబుద్ధేసినప్పుడల్లా నొక్కండి.”

చేతిలో పెట్టింది స్పాంజి బంతి. ఒకప్పుడు ఎర్రగా ఉండేది. వేలమంది పిడికిళ్ళ దెబ్బలు తిని ఇప్పుడు కమిలిన చర్మం రంగుకి వచ్చింది. నొక్కితే నలుగుతుంది, వదిలితే ఉబ్బుతుంది. కాకపోతే వయసు మీద పడింది కనుక, వేళ్ళ గుంటలు పూడడానికి దానికో నిమిషం పడుతుంది.

హాజరు పుస్తకంలో ఆయనకో పేరుంది. ఆ పేరు అక్కడికి తప్ప ఇంకెక్కడికీ హాజరు కాదు. ఆసుపత్రి మొత్తానికి ఆయన ‘కదలొద్దు’. కొత్తవాళ్ళయితే మర్యాదకి ‘కదలొద్దు గారూ’ అంటారు. సన్నటి మనిషి, కాస్త గూని, పక్కపాపిడి. వయసు యాభై నాలుగు. ఛాతీ మీద రేడియేషన్ లెక్కగట్టే బ్యాడ్జి, దాని పైన ఎత్తుపళ్ళు తెలియనివ్వని నవ్వు. ఆయన బల్ల పక్కన సీసపు పెట్టె ఉంటుంది. సీసమంటే పద్యం కాదు, లోహమే. మందు సీసాలు అందులో పెడతారు. దాని అంచులు మాత్రం పద్యంలో గణాల్లా ఖచ్చితంగా, పదునుగా ఉంటాయి.

ఆయన చేసే పరీక్ష గురించి రెండు ముక్కలు. మనిషి ఒంట్లో ఆశయాలకు కొదవ లేదు: మూత్రాశయం, గర్భాశయం, పిత్తాశయం. వీటిల్లో మూడోది బద్ధకస్తురాలు. కాలేయం తయారుచేసిన పైత్యరసాన్ని దాచిపెట్టుకుని, కొవ్వు తిన్నప్పుడు పిండాల్సిన సంచి అది. కొందరికి పిండదు. రాయి ఉండదు, అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనపడదు, తిన్నాక మాత్రం కుడి డొక్కలో ఎవరో బూటుకాలితో తన్నినట్టుంటుంది. అలాంటివాళ్ళని ఈయన దగ్గరికి పంపుతారు. నరంలోకి కాస్త రేడియోధార్మిక మందు ఎక్కిస్తే అది కాలేయానికి పోయి పైత్యరసంలో కలిసి సంచిలోకి చేరుతుంది. తెర మీద తెల్లగా మెరుస్తుంది. అప్పుడు రెండో ఇంజెక్షను. ‘పిండు’ అని సంచికి వేసే కేక అది. గంటలో ఎంత ఖాళీ అయిందో చూస్తారు. మూడో వంతు కూడా కాకపోతే సంచి జబ్బుదని లెక్క.

ఆ రెండో ఇంజెక్షను దగ్గరే ఉంది అసలు సంగతి. గబుక్కున పొడిస్తే సంచి బెదిరిపోతుంది. మెడ బిగుసుకుని, లోపలున్నది చుక్క వదలదు. బల్ల మీద మనిషి కడుపులో గుద్దు తిన్నట్టు మెలిదిరిగిపోతాడు. పైగా ఆరోగ్యంగా ఉన్న సంచికి జబ్బని ముద్ర పడుతుంది. మధ్యాహ్నం డ్యూటీ కుర్రటెక్నీషియను మూడు నిమిషాల్లో పొడిచేస్తాడు. కదలొద్దుకి గంట కావాలి. మందు తోసే పంపు పాడైపోయి గుడ్డ కింద పడి చాలా ఏళ్ళయింది. అప్పట్నుంచి సిరంజి పట్టుకుని బొటనవేలితో వెంట్రుక వాసి, వెంట్రుక వాసి తోస్తాడు. ఆ వేలి కొస అరిగి చదునైపోయింది.

“మీ చేత్తో పొడిపించుకుంటే పొడిచినట్టే ఉండదు సార్,” అన్నాడు కండక్టరు పదకొండు గంటలకు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. “రైట్ రైట్!”

ఆ చేతికి అంత నిదానం ఊరికే రాలేదు.

పొద్దున ఇంటి దగ్గర బయలుదేరుతుంటే అక్క, గ్లాసు నీళ్ళలో కట్టుడు పళ్ళు వేసుకుని, బోసి నోటితో అరిచింది: “ఒరేయ్, గొడుగు! మబ్బు పట్టింది. మబ్బుని కూడా కదలొద్దంటావా?” ముందు పళ్ళు నాలుగూ ఆమెకి పన్నెండో ఏటే పోయాయి. ఆ రోజు నాన్న బెల్టు తీసుకుని లోపలికి వస్తుంటే, ఎనిమిదేళ్ళ తమ్ముణ్ణి బట్టల బీరువాలోకి తోసి, “కదలకు. నిన్ను చూళ్ళేదు వాడు” అంది. బీరువా తలుపు సందులోంచి ఆయన అంతా చూశాడు. బెల్టు కొస ఇనుము ఆమె మూతి మీద పడడం, పళ్ళు గచ్చు మీద టకటక రాలడం, ఆమె చెయ్యి వెనక్కి చాచి, కదలకు కదలకు అని బీరువాకేసి సైగ చెయ్యడం. ఆయన కదల్లేదు. నాన్న అలిసి నిద్రపోయాక కూడా కదల్లేదు.

పోలికలు వస్తాయంటారు కదా. ముక్కు వచ్చింది, గూని వచ్చింది. ఆ చెయ్యి కూడా వచ్చిందేమోనని ఆయనకి భయం. ‘చెయ్యి చేసుకోవడం’ అని మనవాళ్ళు ఎంత ముద్దుగా అంటారో, ఏదో వంట చేసుకున్నట్టు! పెళ్ళి చేసుకుంటే చెయ్యి కూడా చేసుకుంటానేమోనని అసలు పెళ్ళే చేసుకోలేదు. చేతిని మాత్రం ఇరవై ఆరేళ్ళుగా గంటకో సిరంజి చొప్పున మచ్చిక చేస్తున్నాడు.

పదకొండున్నరకి మొగుడూ పెళ్ళాం వచ్చారు.

మొగుడు ముందు వచ్చాడు. దిట్టమైన మనిషి, ఇస్త్రీ చొక్కా, మందపాటి మడమల బూట్లు. నవ్వుమొహం. వెనక ఆమె, ముప్ఫై ఏళ్ళుంటాయేమో, కుడి మోచేతిని డొక్కకి అదిమిపెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ. కళ్ళ తెలుపులో లేత పసుపు.

“రాత్రి నుంచి ఏమీ తినలేదు కదమ్మా?”

“తినలేద్సార్,” అన్నాడు మొగుడు.

“నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా? మత్తు మాత్రలుంటే పరీక్ష తప్పొస్తుంది.”

“ఏం వేసుకోలేద్సార్. మా ఆవిడకి ఓర్పెక్కువ. ఎంతైనా ఓర్చుకుంటుంది,” అని నవ్వాడు. “నోరే కాస్త కదులుద్ది. ఈ మిషన్‌లో దాన్ని కూడా ఆపితే మీకు దండేస్తాను.”

“నొప్పి ఎప్పట్నుంచమ్మా?”

“ఆర్నెల్ల నుంచి సార్, తిన్నాక,” అన్నాడు మళ్ళీ మొగుడే. “ మొన్న నాలుగు రోజుల కిందట మెట్ల మీద కాలు జారింది. అది వేరే సంగతి.”

డాక్టరు రాసి పంపిన కాగితంలో మెట్ల మాట లేదు. కదలొద్దు ఆమె కేసి చూశాడు. ఆమె నేలకేసి చూస్తోంది.

“మీరు బయట కూర్చోండి. లోపల రేడియేషను. ఎవరూ ఉండకూడదు.”

తలుపు మూసుకున్నాక కూడా ఆమె మాట్లాడలేదు. బంతి ఇచ్చి, కదలాలనిపిస్తే నొక్కమన్నాడు. ఆమె దాన్ని తీసుకున్న తీరు ఆయనకి నచ్చలేదు. పిడికిట్లో పట్టుకోలేదు, మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎవరైనా చెయ్యెత్తితే అంత త్వరగా అడ్డం పెట్టుకోవడం ఒక్క రోజులో రాదు.

మందు ఎక్కింది. పది నిమిషాలకి కాలేయం వెలిగింది. ఇరవైకి నాళం. నలభైకి సంచి రావాలి. సంచి వచ్చింది గానీ, దాని కింద, ఏమీ ఉండకూడని చోట, ఇంకో మరక కూడా వచ్చింది. గోరంత.

ఈ పనిలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు ఒకటుంది. ఇంజెక్షను చేసేటప్పుడు మందు ఒక్క చుక్క దుప్పటి మీదో గౌను మీదో ఒలికినా కెమెరాకి అది ఒంట్లో ఉన్నట్టే కనపడుతుంది. లోపల కారుతున్నదీ పైన ఒలికిందీ తెర మీద ఒకటే తెలుపు. పదకొండేళ్ళ కిందట ఇలాంటి మరకే వస్తే, బయట ఐదుగురు కాచుకుని ఉన్నారని, ఆయన ‘మందు ఒలికినది’ అని రాసి పంపించేశాడు. నాలుగో రోజు ఆ పేషెంటు భర్త ఒక్కడే వచ్చి ఫిల్ము అడిగాడు. “ఇంక ఆవిడకి అక్కర్లేదు గానీ, గుర్తుగా,” అన్నాడు. పైత్యం కడుపంతా కారి, లోపల మాంసాన్ని కాల్చుకుంటూ పోయి చంపేసిందని తర్వాత తెలిసింది. ఆ మరక ఆయన కళ్ళలోంచి ఇప్పటికీ ఉతికినా పోలేదు.

ఆయన పైఅంతస్తులో ఫిల్ములు చదివే డాక్టరమ్మకి ఫోన్ చేశాడు.

“సంచి కింద మరకుందమ్మా.”

“ఒలికుంటుందండీ. రెండో ఇంజెక్షను మొదలెట్టెయ్యండి.”

“గౌను మార్చి, ఒళ్ళు తుడిచి, మళ్ళీ తీస్తానమ్మా.”

“మీ ఇష్టం. మీరు కదలొద్దంటే నేను కదులుతానా!”

ఆయమ్మని పిలిచి, కొత్త గౌను, కొత్త దుప్పటి తెమ్మని, ఆయన అద్దాల గదిలోకి తప్పుకున్నాడు. ఆయమ్మ గొంతు పక్క వార్డుకి వినిపించే రకం. ఆ గొంతు రెండు నిమిషాలు గలగలలాడి, హఠాత్తుగా ఆగిపోయింది. బయటికి వచ్చి, పాత గౌను ఛాతీకి అదుముకుని, చిన్నగా అంది.

“సారూ. డొక్క మీద బూటు మడముంది. అచ్చు గుద్దినట్టు. అరచందమామ, దాని పక్కన గీతలు. మెట్లకి గీతలుంటాయా సారూ?”

“మీరేం మాట్లాడకుండా వెళ్ళండి. గౌనుని రేడియేషన్ కొలిచే గదిలో పెట్టండి. సెక్యూరిటీకి ఒక మాట చెప్పండి.”

ఆయన మళ్ళీ తీశాడు. గౌను కొత్తది, దుప్పటి కొత్తది, చర్మం తుడిచినది. మరక అలాగే ఉంది. అలాగే కాదు, పెరిగింది. గోరంతది వేలెడంత అయి, పక్కకి పాకుతోంది.

ఈసారి డాక్టరమ్మ నవ్వలేదు. “రెండో ఇంజెక్షను వద్దు. కుడి పక్క నుంచి ఒక్క ఫొటో, నాలుగు నిమిషాలది, ఏ మాత్రం కదలకుండా తీసి పంపండి. ఎక్కడ చిల్లు పడిందో సర్జన్‌కి తెలియాలి. థియేటర్ సిద్ధం చేయిస్తున్నా.”

ఆయన కెమెరా తలని పక్కకి తిప్పి, ఆమె డొక్కకి ఆనించేంత దగ్గరగా తెచ్చాడు. “అమ్మా, ఇదొక్కటే. నాలుగు నిమిషాలు. దీని తర్వాత మిమ్మల్ని ఇంటికి పంపరు. ఆపరేషను గదికి తీసుకెళ్తారు. సరేనా?”

ఆమె మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది. బంతిని పిడికిట్లోకి తీసుకుంది.

ఆయమ్మ నోరు కట్టేసుకుంది గానీ కళ్ళు కట్టేసుకోలేకపోయింది. గౌను పట్టుకుని వరండాలో పోతూ, కుర్చీలో కూర్చున్న మొగుడి బూట్ల కేసి చూసింది. ఉండాల్సిన దానికన్నా ఒక్క క్షణం ఎక్కువ. అతనూ తన బూట్ల కేసి చూసుకున్నాడు. అంతే, అర్థమైపోయింది.

తలుపు గోడకి కొట్టుకుని గచ్చు పెళ్ళ రాలింది.

“ఎంతసేపురా? గంటని మూడు గంటలు చేస్తున్నారు! లేవ్. లేవే, పోదాం.”

తెర మీద అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నాయి. తొంభై రెండు. తొంభై ఒకటి.

“బయటికెళ్ళండి. ఫొటో అవుతోంది,” అన్నాడు కదలొద్దు.

“నీ ఫొటోకి దండెయ్య! ఏం చెప్పిందిరా నీకు? ఏమే, ఏం చెప్పావే?”

అతను బల్ల వైపు రెండంగల్లో వచ్చాడు. ఆమె జుట్టు కోసం చెయ్యి చాచాడు. అప్పుడు కదలొద్దు కదిలాడు.

కొట్టలేదు. కొట్టడం చేతకాక కాదు. నలభై ఆరేళ్ళుగా కట్టేసిన చెయ్యి ఆ క్షణాన గొలుసు తెంపుకోబోయింది, భుజం దాకా వచ్చింది. ఆయన దాన్ని విప్పి, రెండో చేతితో కలిపి, వెనక నుంచి ఆ మనిషి నడుం చుట్టూ వేసి వేళ్ళు పెనవేశాడు. బీరువాకి తాళం వేసినట్టు వేశాడు.

“కదలొద్దు,” అన్నాడు.

మోచెయ్యి వచ్చి పక్కటెముకల మీద పడింది. ఒకటి విరిగిన చప్పుడు ఆయనకే వినిపించింది. డెబ్భై. పిడికిలి వచ్చి చెవి మీద పడింది, చెవిలో గంట మోగింది. అరవై మూడు. తల వెనక్కి విసిరితే అది ముక్కు మీద దిగింది. నాన్న పోలిక వచ్చిన ముక్కే, అది కాస్తా పగిలింది, రక్తం గౌరవంగా ఇస్త్రీ చొక్కా వీపు మీదికి కారింది. వదల్లేదు. ‘తన్ను’ అన్న మాటకి ఆ మొగుడికి తెలిసిన అర్థం ఒక్కటే, ఆ ఒక్కటీ మోకాళ్ళ మీద, పిక్కల మీద, పాదాల మీద చూపిస్తున్నాడు. నలభై. ఇద్దరూ గోడకి కొట్టుకున్నారు, సెలైన్ స్టాండు పడింది, ట్రే పడింది. బల్ల మాత్రం కదల్లేదు. ఇరవై ఐదు. అప్పుడు అతను ఒళ్ళంతా కూడదీసుకుని వెనక్కి ఊగి, తనతోపాటు ఆయన్ని తీసుకుపోయి సీసపు పెట్టె మీద పడేశాడు. పెట్టె అంచు ఆయన కణతకి తగిలింది. చిన్న చప్పుడే. కొబ్బరికాయంత చప్పుడు కూడా కాదు, కోడిగుడ్డంత.

వేళ్ళు ఊడలేదు. తొమ్మిది. ఎనిమిది.

ఆయమ్మ అప్పుడు వచ్చింది. కొక్కేనికి వేలాడే సీసపు ఆప్రాను ఐదు కిలోలుంటుంది. దాన్ని రెండు చేతులా ఎత్తి మొగుడి నెత్తిన దబ్బుమని వేసింది. “ఇదిగోరా, జారింది! నా చెయ్యి జారింది!” అని ఇంకోసారి వేసింది. అతను కూలబడ్డాడు. వెనకే ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు వచ్చి, చేతులు విరిచి, వరండా పొడుగునా ఈడ్చుకుపోయారు. బూటొకటి గుమ్మంలో ఊడిపోయింది. ఆయమ్మ దాన్ని చేత్తో ముట్టకుండా పాత గౌనుతో పట్టి, రెంటినీ ఓ ప్లాస్టిక్ కవర్లో వేసింది.

తెర మీద సున్నా.

ఆయన గోడ పట్టుకుని లేచాడు. ముక్కు తుడుచుకున్నాడు. పక్కపాపిడి సర్దుకున్నాడు.

“మీరు కదిలారా అమ్మా?”

ఆమె పిడికిలి తెల్లబడిపోయింది. బంతి అందులో కనపడ్డం లేదు.

“లేద్సార్.” గొంతు బొంగురుగా, చాలా రోజులుగా తియ్యని తలుపులా వచ్చింది. “కదల్లేదు.”

తెర చూశాడు. ఫొటో అద్దంలా వచ్చింది. సంచి మెడ దగ్గర చిల్లు, అక్కణ్ణించి సన్నటి తెల్లని తోక. ఏ సర్జనైనా కళ్ళు మూసుకుని వేలు పెట్టగలడు.

స్ట్రెచర్ వచ్చింది. దాని మీదికి మార్చేటప్పుడు ఆమె బంతిని ఆయన చేతిలో పెట్టింది. “సార్, కాగితంలో రాసుకోండి. జారిన కాలు నాది కాదు.”

“రాస్తానమ్మా.”

రాశాడు కూడా. ఆయమ్మ దూది తెచ్చి ముక్కుకి పెడుతూ, “తల ఫొటో తీయించుకోండి సారూ. బుర్రకి తగిలింది,” అని వెంటపడింది.

“అవతల ముగ్గురు కాచుకున్నారు. ఇంకో గంటాగి వెళ్తాలే. పెద్ద దెబ్బేం కాదు.”

“మీ బుర్ర పగిలినా రక్తం కాదు, జాగ్రత్త కారుతుంది!”

మూడు గంటలకి పైనుంచి ఫోన్ వచ్చింది. చిల్లు దొరికింది, కడుపు కడిగారు, బతికింది. పోలీసులు మొగుణ్ణి తీసుకెళ్ళారు. ఆయన సరేనని ఫోన్ పెట్టేసి, అక్కకి చేశాడు.

“ఏంట్రా, ఈ టైముకి? గొడుగు మర్చిపోయావా?”

“అక్కా, ఇవాళ కదిలాను.”

అవతల గ్లాసులోంచి పళ్ళు తీసి పెట్టుకున్న చప్పుడు వినిపించింది. ముఖ్యమైన మాట ఏదైనా ఆమె పళ్ళు పెట్టుకునే అంటుంది.

“ఎవరి కోసంరా?”

“ఎవరో. తెలీదు.”

“దెబ్బలు తగిలాయా?”

“నాకే.”

“పిచ్చి వెధవా,” అంది అక్క. ఏడుస్తోందో నవ్వుతోందో కట్టుడు పళ్ళ వెనక తెలియలేదు. “అప్పుడు నువ్వు కదిలుంటే నిన్ను చంపేసేవాడురా. కదలకపోబట్టే నాకు తమ్ముడు మిగిలాడు. ఈ మాట నీకెన్నడూ చెప్పలేదా?”

“చెప్పలేదక్కా.”

“ఇప్పుడు చెప్పాను. తొందరగా ఇంటికి రా.”

ఆయన రిజిస్టరు తెరిచి ఆ రోజు ఆఖరి వరస రాశాడు. మళ్ళీ అదే వరస కింద ఇంకోసారి రాశాడు, రాసినట్టు గుర్తులేక. వెలుతురు కాస్త ఎక్కువగా అనిపించి, తల గోడకి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి ఒళ్ళో ఉంది, అందులో బంతి ఉంది. ఒకసారి నొక్కాడు.

నాలుగింటికి ఆయమ్మ టీ తెచ్చింది. “సారూ, చల్లారిపోద్ది.” పలకలేదు. “సారూ, ముగ్గుర్నీ రేపు రమ్మన్నాను, తిట్టుకుంటూ పోయారు. ఇంక లేవండి, తల ఫొటోకి పోదాం.” భుజం పట్టుకుంది. “సారూ. కదలండి. కదలండి సారూ!”

ఇరవై ఆరేళ్ళలో ఆయన్ని ఆ మాట ఎవరూ అడగలేదు.

ఆమె ఆయన పిడికిలి విప్పి, బంతి తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు వేళ్ళ గుంటలు, చదునైన బొటనవేలి గుంట ఒకటి. అవి మెల్లగా, వెంట్రుక వాసి, వెంట్రుక వాసి, పైకి లేస్తున్నాయి.